రెండు మెమోలు, ఒక సీటు

ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం. బడి ఏమీ బాధపడినట్టు కనిపించలేదు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక సైకిల్ షాపులో పనికి కుదిరాను. రాత్రి పడక కూడా అక్కడే, గాలి పోయిన ట్యూబుల పక్కన. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు నా మాటలకు నవ్వుకుని పోయేవాళ్లు. సైకిలు నాకు నమ్మకంగా అప్పజెప్పేవాళ్లు గానీ, సలహా ఎవరూ అడిగేవాళ్లు కాదు.

అవ్వా బాపుల పిల్లలం మేమిద్దరం. మా ఇంటికి వచ్చిన చదువంతా మా చెల్లె వాటాకే పోయింది. ఊరు నర్సంపేట వైపు. ఊళ్లో బడి ఏడుతోనే అయిపోయేది. ఆపైన చెల్లె రోజూ పక్క ఊరికి నడిచి పోయి పదో తరగతిదాకా వచ్చింది. పరీక్షలకు సెంటరు కూడా ఆ ఊళ్లోనే పడింది.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. ఆ సెంటరును ఇప్పటి పిల్లలకు వివరించడం కష్టం. లోపల రాసేది పిల్లలు, బయట గోడ పక్కన పుస్తకాలు చదివేది మేనమామలు. జవాబు ఏ పేజీలో ఉందో తెలియక ఆ మేనమామలు కొట్టుకున్నంత పని చేసేవాళ్లు. మంచినీళ్లు ఇచ్చే మనిషి గ్లాసుతోపాటు చిట్టీ కూడా అందించేవాడు. పిల్లలకు అంత దాహం నేను ఏ ఎండాకాలంలోనూ చూడలేదు. చెల్లెను సైకిలు మీద దింపడానికి సెలవు పెట్టి వచ్చిన నేను, కిటికీలోంచి చూశాను. ఎవరి కోసమో విసిరిన చిట్టీ చెల్లె బల్ల మీద పడితే, బల్లిని తోసినట్టు పెన్నుతో కిందికి తోసేసి మళ్లీ రాసుకుంది. వెనక బల్ల మీది పోరడు మాత్రం మెడ చాచి దాని పేపరులోకే చూస్తున్నాడు. చిట్టీల కంటే చెల్లె నమ్మకమని వాడికి తెలిసినట్టుంది. అంతమందిలో తెలివైనవాడు వాడొక్కడే.

ఆ సెంటరు సంగతి పేపర్లో పడింది. మొత్తం సెంటరు రిజల్టు ఆపేశారు. కాలేజీల్లో సీట్లన్నీ నిండిపోయాయి గానీ మా ఊరి పిల్లలకు పాసో ఫెయిలో తెలియదు. ఇక ఆ పరీక్షలు రద్దేనని అందరూ అనడంతో, ఊళ్లోనే ఉండే రిటైరైన పెద్దసారు చెల్లె చేత ప్రైవేటుగా పరీక్ష కట్టించాడు. వరంగల్ సెంటరు. అక్కడ చీమ కూడా హాల్‌టికెట్ చూపించి లోపలికి పోవాలి. ఆ వారం మా ఓనరు వాళ్లింట్లో చెల్లెకు చోటిచ్చారు. మూడో పరీక్షకల్లా చలిజ్వరం పట్టుకుంది. దుప్పటి కప్పుకుని పోయి రాసింది. సెకండ్ క్లాసు వచ్చింది.

ఆ మెమో చేతికొచ్చాక, ఆపిన రిజల్టు కూడా వదిలారు. అందులో చెల్లెకు ఫస్ట్ క్లాసు. మెడ నొప్పి పెట్టేదాకా కష్టపడ్డందుకు ఆ వెనక బల్ల పోరడికీ ఫస్ట్ క్లాసే.

అట్లా మా ఇంట్లోకి రెండు మెమోలు వచ్చాయి. హనుమకొండలో పేరున్న కాలేజి ఒకటుంది. ఆడపిల్లలకు హాస్టలు ఉన్నది దాంట్లోనే. సీట్లు తక్కువ. ఆ ఏడాదివి ఎప్పుడో నిండిపోయాయి కాబట్టి దరఖాస్తు మళ్లీ ఏడాదికే. మార్కులను బట్టే ఇస్తారు. బాపు ముందే చెప్పేశాడు, ఈ ఒక్క ఏడాదే ఆగుతాను, హాస్టల్‌తో సీటు వస్తే పో, రాకుంటే నాట్లకు పో అని. దరఖాస్తుకు ఒక్క మెమో మాత్రమే పెట్టాలని కాలేజి గుమాస్తా నాతో రెండుసార్లు చెప్పాడు. మొదటిసారే అర్థమైందని నేను చెప్పినా నా మొహం చూసి నమ్మలేదు.

ఏది పెట్టాలో తేల్చడానికి పెద్దసారు మా ఇంటికి వచ్చాడు. ఫస్ట్ క్లాసు మెమో మీద సెంటరు పేరు అచ్చయి ఉందని వేలు పెట్టి చూపించాడు. ఈ పేరు చూస్తే కాలేజీవాళ్లు పక్కకు పడేస్తారు, ఇంటర్వ్యూలో పదిమందిలో నిలబెట్టి అడుగుతారు, సెకండ్ క్లాసైనా వరంగల్‌ది మచ్చలేని మెమో అన్నాడు. బాపు ప్రతి మాటకూ తల ఊపాడు. పెద్దసారు దగ్గర చదువుకున్న అలవాటు. ఆయన దగ్గర బాపు చదివింది రెండో తరగతిదాకే, కానీ తల ఊపడం పూర్తిగా నేర్చుకున్నాడు.

నేను ఫస్ట్ క్లాసే పెట్టమన్నాను. అవి చెల్లె సొంతంగా రాసి తెచ్చుకున్న మార్కులే కదా, అడిగితే అక్కడే ఒక లెక్క ఇచ్చి చేయించుకోమందాం అన్నాను. పక్కకు పడేస్తే పడేస్తారు, సెకండ్ క్లాసును మాత్రం నెత్తిన పెట్టుకుంటారా అన్నాను. పెద్దసారు నవ్వాడు. బాపు నవ్వాడు. నేను ఏమన్నా నవ్వడం వాళ్లకూ అలవాటే.

"నేను నవ్వులాటకు అంటలేనే" అన్నాను చెల్లెతో.

"నీకేందన్నా, నీకన్నీ తమాషానే" అంది. "రేపు ఎవలన్న దొంగమార్కులన్నరనుకో, నిలవడేది నేను. సెకండ్ క్లాసే పెడుత."

వరంగల్ మెమో పెట్టింది.

లిస్టు కాలేజి గోడకు అంటించిన రోజు నేనే పోయి చూశాను. నాకు చదువు తక్కువే గానీ మా చెల్లె పేరు చదవడం వచ్చు. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూశాను. లేదు. ఊరికి కబురు పంపాను. ఇంటర్వ్యూ అన్నది ఎవరికీ లేనే లేదని అక్కడే తెలిసింది.

కొన్నాళ్లకు షాపు ముందు ఒక సైకిలు ఆగింది. బ్రేకు పట్టడం లేదట. తల ఎత్తి చూస్తే ఆ వెనక బల్ల పోరడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నన్ను గుర్తుపట్టి సంబరపడ్డాడు. అదే కాలేజీలో చేరాడట.

"అన్నా, అక్క ఏ గ్రూపు తీసుకున్నది? క్లాసుల్ల కనవడ్తలేదు" అన్నాడు.

నేను అరిగిన బ్రేకు రబ్బరు విప్పుతూ అడిగాను, సెంటరు గురించి కాలేజీలో ఏమన్నా అడిగారా అని.

"సెంటరా? అదెవలడుగుతరన్నా. మార్కులే చూసిండ్రు" అన్నాడు. కొంచెం సిగ్గుపడి, "అక్క పున్నెమే అన్నా. అక్కకు చెప్పు" అన్నాడు.

వాడి మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. బ్రేకు మాత్రం బాగా బిగించాను. "మంచిగ పట్టింది" అని వాడు మెచ్చుకుని పోయాడు.

ఆ ఆదివారం ఊరికి పోయాను. చెల్లె నాట్ల నుంచి వచ్చి గడప ముందు కాళ్ల బురద కడుక్కుంటోంది. చెప్పాలా వద్దా అని దారంతా అనుకున్నాను. చెప్పే తీరు నాకు తెలిసింది ఒక్కటే.

"నీ పరీక్షకు సీటొచ్చిందే. నీకే రాలే" అన్నాను.

ఆ పోరడి సంగతి చెబితే మొత్తం విన్నది. చెంబులో మిగిలిన నీళ్లు రెండో కాలి మీద పోసుకుంది.

"ఏడో లెక్క నేను తప్పు చేసిన" అంది. "వాడు గూడ గట్లనే రాసిండంటవా?"

రాసే ఉంటాడన్నాను. నవ్వుతుందేమోనని చూశాను. చెంబు బోర్లించి లోపలికి పోయి, రేపు ఎవరి పొలంలో నాటు అని అవ్వను అడిగింది.