ఇంటిపేరు ముందు

చెరుకుపల్లి భీమశంకర్ గారికి కోపం తెప్పించడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పేరు తిరగేసి పిలిస్తే చాలు. అమెరికాలో అందరూ తిరగేసే పిలుస్తారు కనుక, ఉన్నన్నాళ్లూ ఆయన కోపంగానే ఉన్నారు.

1984లో పిస్కాటవేకి కొంచెం దూరంలో ఒక కళాకేంద్రం ఉండేది. దేశదేశాల చిత్రకారులనూ శిల్పులనూ పిలిచి, గదీ భోజనమూ ఇచ్చి, ఏడాదిపాటు మీ పని మీరు చేసుకోండనేది. నేనక్కడ లైబ్రరీ చూసేదాన్ని. రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన ఆయన అలాగే వచ్చారు. వచ్చీ రాగానే గది తలుపు మీద "భీమశంకర్ చెరుకుపల్లి" అన్న అట్ట చూసి పీకేశారు.

"నళినమ్మా, ఇంట్లోకి వెళ్లాలంటే ముందు గుమ్మమా, వంటిల్లా?"

"గుమ్మమే మాస్టారూ."

"మరి ఈ వెధవలకి తెలీదేం?"

పోస్ట్‌మాన్‌తో పోట్లాట. బ్యాంకులో పోట్లాట. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, "మిస్టర్ భీమా" అన్న డెంటిస్టుకి తెరిచిన నోటితోనే పాఠం చెప్పి, పన్నుతో సహా తిరిగొచ్చారు.

ఆయన తిట్టనిది పక్కగది కోవాచ్ ఇలోనాని ఒక్కదాన్నే. హంగరీ శిల్పి. "మా దేశంలోనూ ఇంటిపేరే ముందు" అందిట. "చూశావా, నాగరికులు" అని నాకు వారం రోజులు చెప్పారు.

ఆ చలికాలం ఇలోనా తల్లి పోయింది. అప్పటినుంచి ఆ పిల్ల మట్టి ముట్టలేదు. పని కనబడని గదిని ఖాళీ చేయించడం కేంద్రం రూలు. తనిఖీకి కమిటీ వస్తోందని తెలిసి, "చూపించడానికి ఖాళీ బల్ల ఉంది. ఇక ఇంటికే" అంది.

మాస్టారు మండిపడ్డారు. "తల్లి పోయిన పిల్లని బొమ్మలేవీ అని అడుగుతారా? వీళ్లు మనుషులేనా?"

కమిటీ ముందు మాస్టారి గదికే వచ్చింది. చైర్మన్ చేయి చాచి, "హలో మిస్టర్ భీమా" అన్నాడు.

అంతే. మాస్టారు బొగ్గుముక్క తీసి గోడంతా తెలుగులో పేరు రాశారు.

"రిపీట్. చెరుకు."

"చెరూకూ..."

"చెరుకు. షుగర్‌కేన్. అగైన్."

మధ్యలో ఊరొచ్చింది, కాలవొచ్చింది, ముత్తాత వచ్చాడు. చైర్మన్ వాచీ చూసుకున్నాడు.

"యూ కేమ్ టు సీ ఆర్టిస్ట్, ఆర్ టు సీ వాచ్?"

చివరికి వాళ్లకి రైలు టైమైంది. "పక్కగది?" అని కమిటీలో ఒకావిడ గొణిగింది. "సమ్మర్‌లో చూద్దాం" అంటూ చైర్మన్ దాదాపు పరిగెత్తాడు.

"ఇవాళ మరీ ఎక్కువైంది మాస్టారూ."

"ఏం ఎక్కువ? పల్లి దాకా రానే లేదు వాడు." చేతి మసి దులుపుకున్నారు. "ఎండాకాలానికి తేరుకుంటుందిలే ఆ పిల్ల."

నాకప్పుడు వెలిగింది.

గోడ మీది అక్షరాలు చూసీ చూసీ ఇలోనా ఓ రోజు మళ్లీ మట్టి పట్టుకుంది. మొదటగా చేసిన పలక కాల్చి తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. తెలుగులో ఆయన పేరే. కాకపోతే 'ప' మీది తలకట్టు పొరపాటున గుడి అయిపోయింది.

చెరుకుపిల్లి భీమశంకర్.

నేను మెల్లగా తలుపు వైపు జరిగాను. మాస్టారు పలకని అటూ ఇటూ తిప్పి చూసి, మేకు కొట్టి గుమ్మానికి తగిలించారు.

"మాస్టారూ, అది..."

"నాకూ చదవడం వచ్చులే," అని కసిరారు. "ఇంటిపేరు ముందుందా లేదా?"