లెన్ అంకుల్ బేస్ గిటార్ మీద పసుపు మరక

నిన్న పొద్దున యూనివర్సిటీకి బయల్దేరి కారు రివర్స్ చేస్తున్నాను. లెన్ అంకుల్ కూతురు క్యారల్ ఫోన్.

"పద్మా, డాడ్ ఈజ్ గాన్" అంది.

బ్రేక్ మీద కాలు పెట్టి అలాగే కూర్చుండిపోయాను. మొన్న శనివారం నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్న మనిషి! నిద్రలోనే పోయారట. నొప్పి, బాధ ఏమీ లేవట.

ఏడుపొచ్చింది. కానీ నిజం చెప్పాలంటే, దానికంటే ముందు ఒక పెద్ద ఊపిరి వచ్చింది. హమ్మయ్య, ఆయన వెళ్లేలోపు చెప్పేశాను, అని.

ఏం చెప్పానో మీకూ చెప్తాను. తిట్టుకుంటే తిట్టుకోండి.

ఇక్కడ ఆస్ట్రేలియాలో, మా టూవూంబాలో ఉన్న మన తెలుగువాళ్లందరికీ లెన్ అంకుల్ తెలుసు. మా పక్కింటాయన. ఉగాది పాట్‌లక్ భోజనాలకి వచ్చి గోంగూర పచ్చడి బ్రెడ్డుకి రాసుకుని తిన్న తెల్లాయన. ఆయన ఒకప్పుడు ఏం చేసేవారో మాత్రం చాలామందికి తెలీదు.

ఇంగ్లండ్‌లో రాక్ అండ్ రోల్ అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో ఆయన బేస్ గిటార్ వాయించేవారు. అప్పటిదాకా బ్యాండ్‌లో బేస్ అంటే మనిషికంటే పొడుగ్గా, నిలబెట్టి వాయించే పెద్ద వాయిద్యం. దాన్ని బస్సెక్కించడమే ఒక యుద్ధమట. కరెంటు బేస్‌ని మెడలో వేసుకుని వాళ్ల ఊళ్లో మొదట స్టేజ్ ఎక్కింది మన అంకులే.

పెద్ద మ్యూజీషియన్లు "ఏంటా చెక్కముక్క?" అని వెక్కిరించారట. ఏడాది తిరిగేసరికి వాళ్లే వచ్చి, ఎక్కడ కొన్నావని అడిగారట.

ఎంతమంది సింగర్ల వెనక నిలబడ్డారో ఆయనకే గుర్తులేదు. రికార్డుల మీద పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఒకసారి టూర్ మీద ఆస్ట్రేలియా వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని ఉండిపోయారు. వారమంతా స్కూల్ బస్ డ్రైవింగ్. శనివారం సాయంత్రం క్లబ్బులో అదే బేస్.

"పాటలో నన్నెవరూ వినరమ్మా. నేను ఆపితే మాత్రం డాన్స్ చేసేవాళ్లు ఆగిపోతారు" అనేవారు.

పోయిన ఏడాది తుంటి ఎముక విరిగింది. హాస్పిటల్, అక్కణ్ణుంచి ఏజ్డ్ కేర్ హోమ్. కూతురు క్యారల్ ఉండేది బ్రిస్బేన్‌లో. అందుకని బేస్ నా చేతిలో పెట్టారు. "ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అన్నారు.

పిల్లలు పరిగెత్తని, ఎండ పడని గది మా ఇంట్లో ఒక్కటే. దేవుడి గది. అక్కడే పెట్టాను.

అదే నా కొంప ముంచింది.

దసరాకి మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆయుధపూజ రోజు నేను యూనిలో ఉన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే కారుకి బొట్టు, మిక్సీకి బొట్టు, మా ఆయన డ్రిల్లింగ్ మెషీన్‌కి బొట్టు.

వాటి పక్కన, కేసులోంచి బయటికి తీసి నిలబెట్టి, లెన్ అంకుల్ బేస్. తెల్లటి పెయింట్ మీద నిండుగా తడి పసుపు, మధ్యలో కుంకుమ.

"అత్తయ్యా, ఏంటిది!" అని గట్టిగా అరిచేశాను.

"ఏందమ్మాయ్, అట్టా అరుస్తావు? లెన్ అన్నయ్యగారికి ఇన్నేళ్లు కూడు పెట్టిన పనిముట్టు. దానికి బొట్టు పెట్టకపోతే ఎట్టా?"

తుడిచాను. పాత పెయింట్ పగుళ్లలోకి పసుపు దిగిపోయింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది, డిష్‌వాషింగ్ లిక్విడ్ వేసి రుద్దాను. మరక ఇంకా పరుచుకుంది.

అప్పట్నుంచీ దొంగ బతుకే.

ప్రతి ఆదివారం ఆయన్ని చూడ్డానికి వెళ్తే మొదటి ప్రశ్న అదే. "హౌ ఈజ్ ద ఓల్డ్ గర్ల్?" అని బేస్ గురించి అడిగేవారు. సూపర్‌గా ఉంది అంకుల్ అనేదాన్ని. ఒకసారి తీసుకురమ్మంటే కారు సర్వీసింగ్‌లో ఉందన్నాను. ఇంకోసారి వర్షం అన్నాను. మా అమ్మాయికి లేని జ్వరం తెప్పించాను. దీపం పెట్టడానికి దేవుడి గదిలోకి వెళ్లాలన్నా భయమేసేది.

పోయిన వారం క్యారల్ ఫోన్ చేసింది. ఇంక ఎక్కువ రోజుల్లేవంటున్నారు డాక్టర్లు, డాడ్ బేస్ చూడాలంటున్నారు, అని.

ఇంక సాకుల్లేవు. ఆ మనిషిని ఆ అబద్ధంతో పంపించలేను.

శనివారం తీసుకెళ్లాను. మంచం మీద కేసు పెట్టి తెరిచాను. ఆయన ఆ పసుపు మీద బొటనవేలితో మెల్లిగా నిమిరారు. నేను గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేసి, సారీ అంకుల్, సారీ అంకుల్ అంటూనే ఉన్నాను.

"మీ అత్తగారు ఇంకా వేటికి పెట్టారు?" అన్నారు.

"కారు. మిక్సీ. డ్రిల్లింగ్ మెషీన్."

మొదలైంది నవ్వు. దగ్గొచ్చి, నర్సు పరిగెత్తుకొచ్చేదాకా నవ్వారు.

తర్వాత కళ్లు తుడుచుకుని ఇలా అన్నారు. "మొదట్లో చెక్కముక్క అన్నారు. ముసలాణ్ణి అయ్యాక యాంటిక్ అన్నారు, గాజు పెట్టెలో పెట్టమన్నారు. ఇది నాతోపాటు పనిచేసి బతికిందని గుర్తుపట్టింది మీ అత్తగారొక్కరే. మరక తుడవకు."

బేస్ ఒళ్లో పెట్టమన్నారు. నాలుగే నాలుగు నోట్లు వాయించారు. కరెంటు లేదుగా, చెక్కకి చెవి ఆనించి విన్నాను. మా అత్తయ్యకి వీడియో కాల్ చేయమని, తెనాలిలో ఉన్నావిడకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. ఆవిడ ఏడ్చేశారు.

శుక్రవారం ఫ్యూనరల్. శవపేటిక మీద బేస్ పెట్టాలని, దానికి కొత్తగా బొట్టు పెట్టాలని క్యారల్‌కి చెప్పి వెళ్లారట. పెట్టాల్సింది నేనేనట.

అత్తయ్య అప్పుడే వాయిస్ మెసేజ్ పెట్టారు. "ఈసారి పొడి కుంకుమ పెట్టు అమ్మాయ్."

అలాగే పెడతాను అంకుల్. ఈసారి దాచకుండా, అందరి ముందూ.

చాలా పనిచేశారు, మీరూ మీ ఓల్డ్ గర్లూ. ఇంక హాయిగా పడుకోండి.