మిరపకాయ విరిచిన వేళ్లు

మా ఊరి సెంటర్లో నా ఫ్లెక్సీ ఇంకా అలాగే ఉంది. కోటు వేసుకుని, చేతులు కట్టుకుని నవ్వుతుంటాను అందులో. అంధుల చదరంగం జాతీయ జట్టుకు కోచ్‌గా విదేశం వెళ్లొచ్చిన ముద్దుబిడ్డ అని రాయించారు మావాళ్లు. గుంటూరు నుంచి వచ్చి బస్సు దిగిన ప్రతిసారీ తల దించుకుని ఇంటికి పోతున్నాను. ముద్దుబిడ్డట, నా మొహం.

పోటీకి ముందు శిక్షణ శిబిరం గుంటూరులో పెట్టించింది నేనే. అంధుల చదరంగంలో ఎవరి బోర్డు వాళ్లకే ఉంటుంది. గడికో రంధ్రం, అందులో పావుని గుచ్చుతారు. నల్లపావుల తల మీద చిన్న మొన ఉంటుంది, తెల్లవాటికి ఉండదు. ఎత్తు నోటితో చెప్పి, బోర్డంతా వేళ్లతో తడిమి చూసుకుంటారు. ఆ ఆటలో చూపంతా వేళ్లదే.

జట్టులో ఒక్క చోటు మిగిలింది. దానికి ఇద్దరు పోటీ: ఒకాయన అనుభవమున్న ఆటగాడు, ఇంకొకరు కాకినాడ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. ఇద్దరికీ సెలెక్టర్లు ఒక ఆట పెట్టారు, గెలిచినవాళ్లు విమానం ఎక్కుతారు. ఆ అమ్మాయి అప్పటిదాకా రాష్ట్రం దాటింది లేదు. కొత్త పాస్‌పోర్టు దిండు కింద పెట్టుకుని పడుకుంటోందని తోటివాళ్లు ఆట పట్టించేవాళ్లు. ఇద్దరిలో ఆమే బాగా ఆడుతుందని నాకు తెలుసు.

ఆట మధ్యాహ్నం. పొద్దున్నే ఊరుకుని కూర్చోవచ్చు కదా! కూర్చోను. మా ఊరు చూపిస్తానని అందర్నీ వ్యానెక్కించి మా అన్నయ్య వాళ్ల మిరప కళ్లానికి తీసుకెళ్లాను. మిగతావాళ్లు ఘాటుకి తుమ్ముకుంటూ వ్యాన్‌లోనే ఉండిపోయారు. ఆ అమ్మాయి ఒక్కతే దిగింది. మా దగ్గర కొనడానికొచ్చినవాడు గుప్పెడు కాయలు తీసి నలిపి, విరిచి, గింజ రాల్చి చూస్తాడు. కళ్లానికి చుట్టాలొచ్చినా అంతే, మంచినీళ్లకన్నా ముందు కాయే చేతిలో పెడతాం. మా వదిన ఆమె దోసిట్లో కాయలు పోసింది.

"విరువమ్మా, గట్టిగా నలుపు. అప్పుడు తెలుస్తుంది మా కాయేంటో" అన్నాను నేను.

నలిపింది పాపం. ఒక్కో కాయా విరిచి, గింజలు తడిమి, భలే గలగలలాడుతున్నాయని మెచ్చుకుంది. నేను ఉబ్బిపోయాను.

శిబిరం నడుస్తున్న హాస్టలుకి తిరిగొచ్చేసరికి ఆమె వేళ్లు భగభగమంటున్నాయి. నీళ్లతో కడిగితే మంట ఇంకా ఎక్కువైంది. వంటావిడ నన్ను నాలుగు తిట్టి, గిన్నెడు పెరుగు తెచ్చి ఆ చేతులు అందులో పెట్టించింది. భోజనాలయ్యాక ఆ అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది.

"మాస్టారూ, వేళ్లకేం తెలియట్లేదండి. ఆట రేపటికి పెట్టమని అడుగుతారా?"

ఒక్క మాట అడిగితే సెలెక్టర్లు ఒప్పుకునేవాళ్లే. కానీ ఎందుకంటారుగా? ఆట రోజున ఆటగాళ్లని మిరపకాయలు నలపడానికి తోలుకెళ్లిన ఘనుణ్ణి నేనేనని చెప్పుకోవాలిగా?

"ఏం కాదమ్మా, మా పిల్లలు ఆ కాయల్లోనే పడి దొర్లుతారు. కాసేపట్లో తగ్గిపోద్ది" అన్నాను.

మాకైతే తగ్గుతుంది, కళ్లాల్లో పెరిగిన చర్మాలు మావి. ఆమెది కాదన్న సంగతి నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది, నోరు మూసుకున్నాను.

ఆమెకి తెల్లపావులొచ్చాయి. ప్రతి ఎత్తుకీ వేళ్లు విదిలించుకుంటూ, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా ఆడింది. తుడుచుకుంటే కళ్లు కూడా మండుతాయి మరి. అయినా గెలుపు దాకా వచ్చింది. అక్కడ తన ఏనుగునే ఎదుటివాడిదనుకుని, దాన్నుంచి తప్పించడానికి రాజుని పక్కకి జరిపింది. అంతే, ఆట పోయింది. ప్రతి పావు తల మీదా మొన ఉన్నట్టే గుచ్చుకుందట ఆ వేళ్లకి.

పెద్ద సెలెక్టరు నన్ను పిలిచి, ఇంత బాగా ఆడే పిల్ల ఇవాళ ఏడుస్తూ వణుకుతూ ఆడిందేంటని అడిగాడు. ఆ అమ్మాయి చేతులు చున్నీలో చుట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. ఇంకో ఆట పెట్టించగలిగేవాడు ఆయనొక్కడే.

"ఒత్తిడి తట్టుకోలేకపోయిందండి" అన్నాను.

ఆమె నా గొంతు వినపడిన వైపు తల తిప్పింది. ఇప్పుడు చెప్పేస్తుంది, నా పరువు పోతుంది అనుకున్నాను. చెప్తే బాగుండునని కూడా అనుకున్నాను, ఒట్టు.

"అవునండి, కంగారుపడిపోయానండి" అంది.

నేను తల ఊపాను. ఆమెకి కనబడదని తెలిసే ఊపాను.