స్కూటర్ కింద భూచంపకం

మా వదినది భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఊరు. కిందటేడు తొలకరికి ముందు వాళ్లింటికి వెళ్లి వస్తుంటే, పాత పేపర్లో చుట్టి ఒక దుంప నా చేతిలో పెట్టింది. అల్లం కొమ్ములా ఉంది. దాని వేళ్ల చివర చిన్న చిన్న ఉండలు వేలాడుతున్నాయి.

"భూచంపకం. మా మామగారు ఎప్పుడో అడవిలోంచి తెచ్చి పెరట్లో వేశారు. వానల్లో ఆకులొస్తాయి, ఎండలు ముదిరేముందు పువ్వులొస్తాయి," అంది.

"చలికాలంలో?"

"ఏమీ కనపడదు. నీళ్లు కూడా పోయకు, కుళ్లిపోతుంది."

పంజాగుట్టలో మేముండేది పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. కింద పార్కింగ్ గచ్చుకీ ప్రహరీగోడకీ మధ్య, కానుగ చెట్టు నీడన, బారెడు మట్టి మిగిలింది. ఆ దుంపని అక్కడ పాతాను. వానలు పడగానే ఆకులు లేచాయి. పైన ముదురాకుపచ్చ మీద వెండి చారలు, వెనక్కి తిప్పితే వంకాయ రంగు. దీపావళి వెళ్లాక పసుపెక్కి, ఒక్కొక్కటే వాలిపోయాయి. తర్వాత అక్కడ ఉత్త మట్టే.

ఆ రోజుల్లోనే కింది వాటాలోకి కొత్తగా ఒకతను భార్యతో అద్దెకి దిగాడు. నలభై ఏళ్లుంటాయి. అమీర్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. పార్కింగంతా కార్లతో నిండిపోవడంతో తన పాత స్కూటర్‌ని సరిగ్గా ఆ మట్టి మీదే పెట్టడం మొదలుపెట్టాడు.

"అక్కడ మొక్క ఉందండి," అన్నాను ఓ రోజు.

అతను వంగి చూశాడు. "ఏది మేడం? మట్టి తప్ప ఏం లేదు గీడ."

"లోపల ఉంది."

నా మొహంలోకి ఒక క్షణం చూసి, "సరే, జరుపుత తియ్యండి," అన్నాడు. ఆ పూటకి జరిపాడు. మర్నాడు బండి మళ్లీ అక్కడే. నిజానికి అతనికి ఇంకో చోటు లేదు. అది నాకూ తెలుసు. అయినా చలికాలమంతా కనపడినప్పుడల్లా చెప్తూనే ఉన్నాను, అతను జరుపుతానంటూనే ఉన్నాడు. చివరికి నేనే విసిగి మానేశాను. చక్రం బరువుకి నేల గట్టిబడిపోయింది. స్టాండు దిగిన చోట గుంట పడింది. ఇంజన్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారి మట్టి నల్లబడింది. ఇంక అక్కడ ఏం బతుకుతుంది అనుకున్నాను.

హోలీ అయిపోయింది. నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నేర్పుతాను. ఉదయం మొదటి బ్యాచ్‌కి బయల్దేరి మెట్లు దిగుతుంటే సన్నటి వాసన తగిలింది. ఎవరింట్లోనో అగరొత్తి వెలిగించారనుకున్నాను. కానీ వాసన నేల వైపు నుంచి వస్తోంది.

స్కూటర్ ముందు చక్రం పక్కన, బీటలువారిన మట్టి మీద ఒక పువ్వు ఉంది.

ఎవరి పూజ పూలలోంచో జారిపడిందనుకుని తీయబోయాను. రాలేదు. ఆకు లేదు, కాడ లేదు, మట్టిలోంచే విచ్చుకుంది. పైన రెండు తెల్లటి రేకులు, కింద రెండుగా చీలిన ఊదా రేకు, చుట్టూ దారాల్లాంటి సన్నటి తెల్ల రేకులు. అంత పల్చటివి, ఆ గట్టి నేలని ఎలా తోసుకొచ్చాయో. రోజూ పొద్దున్నే దేవుడికి పూలు కోయడం నాకు అలవాటు. దీన్ని కోద్దామన్నా పట్టుకోవడానికి తొడిమే లేదు. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. చీర మట్టవుతుందని కూడా తోచక అక్కడే చతికిలబడ్డాను. వీధిలో ఆటోలు, స్కూలు బస్సులు పోతూనే ఉన్నాయి. నాకేమీ వినపడలేదంటే అబద్ధం. వినపడుతున్నా, అవన్నీ ఎక్కడో దూరంగా ఉన్నట్టనిపించింది.

ఇంతలో అతను హెల్మెట్ పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"జరుపుతున్న మేడం, జరుపుతున్న."

"జరపకండి," అన్నాను.

"ఇన్ని దినాలు జరపమంటిరి. ఇప్పుడు జరపొద్దంటున్నరా?"

నేను వేలితో చూపించాను. అతను వంగి, తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, చక్రానికీ పువ్వుకీ మధ్య వేలెడు సందులోకి చూశాడు.

"గిది నా బండి కిందనే ఉండెనా ఇన్నొద్దులు?"

"అవునండి."

హెల్మెట్ తీసుకెళ్లి ఇంట్లో పెట్టి వచ్చాడు. "నేను మెట్రోల పోత," అన్నాడు. ఆ రోజే కాదు, తర్వాతా అలాగే వెళ్లాడు.

సాయంత్రానికి ఆ పువ్వు తడిసిన కాగితంలా కరిగిపోయింది. మర్నాడు పొద్దున దాని పక్కన ఇంకొకటి. ఆ మర్నాడు రెండు. వార్త ఎలా పాకిందో గానీ అన్ని అంతస్తుల వాళ్లూ దిగొచ్చి చూశారు. ఆదివారం ఎర్రగడ్డ నుంచి అతని తల్లి వచ్చింది. ఆవిడ ఎప్పుడో వ్యవసాయం చేసిన మనిషి. పువ్వుని ముట్టుకోలేదు. దాని పక్కన మట్టి మీద అరచెయ్యి ఆనించింది.

"నీళ్లు వోసినవా బిడ్డా?"

"లేదమ్మా. చలికాలమంతా ఒక్క చుక్క కూడా పోయలేదు."

"మరి దీనికెట్ల తెలిసింది, ఇప్పుడు రావాలని?" అంది. జవాబు కోసం అడగలేదు. అలా చెయ్యి ఆనించే కాసేపు కూర్చుంది.

ఆ రోజే అతనూ ఇంకో ఇద్దరూ కలిసి స్కూటర్‌ని దొర్లించకుండా అమాంతం పైకెత్తారు. చక్రం ఉన్న చోట తెల్లటి మొగ్గలు కనపడ్డాయి. పైకి రావడానికి దారిలేక అడ్డంగా పాకి, టైరు అంచు దాకా వచ్చి ఆగి ఉన్నాయి. బండిని అలా మోస్తూనే ముగ్గురూ నిలబడి చూశారు. అతని భార్యే, "ముందు దాన్ని దించుండ్రి, చేతులు పోతయి," అంది. ఆ మొగ్గల్లో ఒకటి మర్నాడు నేల మీద పడుకునే పూసింది.

ఉగాది దాటాక పూలు ఆగిపోయాయి. మళ్లీ ఉత్త మట్టి. అతను దాని చుట్టూ ఇటుకలు పేర్చి, స్కూటర్‌ని గేటు బయట పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

మొన్న తొలివాన పడ్డ మర్నాడు క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. నేను పాఠం మధ్యలో ఫోన్ ఎత్తను. అతని పేరు చూసి ఎత్తాను.

"మేడం, ఆకు తేలింది. ఫోటో పంపిన, జర చూడుండ్రి."

పిల్లలకి ఒక్క నిమిషం అని చెప్పి చూశాను. తడి మట్టిలో చాపచుట్టలా చుట్టుకున్న లేత ఆకు, బయటికి వంకాయ రంగు. ఫోటో అంచున, మట్టి అంటిన అతని చెప్పుల ముందు భాగం కూడా పడింది.