బండిని చూసి నిలబడిన ఇర్రి

మొన్న మనవడి పుట్టినరోజని మా అమ్మాయీ అల్లుడూ నన్ను మార్టూరు దాటాక హైవే పక్కన కొత్తగా కట్టిన రిసార్టుకి తీసుకెళ్ళారు. అక్కడ పిల్లల్ని ఎక్కించి తిప్పడానికి రబ్బరు చక్రాల ఎడ్లబండి ఒకటి పెట్టారు. అది తిరిగే దారి మధ్యలో గడ్డి పెంచి, సిమెంటుతో చేసిన కృష్ణజింకను నిలబెట్టి, వీపుకి నల్లరంగు, పొట్టకి తెల్లరంగు పూశారు. మనవడు నన్నూ ఎక్కమని చెయ్యి పట్టుకుని లాగాడు గానీ, మోకాళ్ళ నొప్పులని అబద్ధం చెప్పి కుర్చీలో కూలబడ్డాను. బండి మీదికొస్తున్నా కదలకుండా చూస్తున్న ఆ జింక ముఖం చూసేసరికి, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి గుర్తొచ్చింది. నా ఈడువాళ్ళకైతే అర్థమవుతుందని ఇక్కడ చెబుతున్నాను.

మాది కనిగిరి వైపు మెట్ట ఊరు. తొంభైల చివర్లో పత్తిని పచ్చపురుగు తినేస్తుంటే, ఎన్ని మందులు కొట్టినా పురుగు చావక, కొట్టిన మనుషులే గట్ల మీద కళ్ళు తిరిగి పడిపోతున్న రోజుల్లో, మా ఆయన సేద్యం మీద విసిగి మార్టూరులో రాయి కోసే పనికి వెళ్ళిపోయాడు. నెలకోసారి ఇంటికొస్తే కనుబొమల మీద కూడా తెల్లటి రాతిపొడి ఉండేది. తలంటి పోస్తే పొడి పోయేది గానీ దగ్గు పోయేది కాదు. ఇంట్లో నేనూ, మా మామగారూ, రెండేళ్ళ పిల్లా, ఒక జత ఎడ్లూ మిగిలాం. ఆ మనిషిని ఆ దుమ్ములోంచి ఎలాగైనా ఇంటికి తెచ్చుకోవాలన్నదొక్కటే నా ధ్యాస.

మా చేల మీద కృష్ణజింకల మంద ఒకటి తిరిగేది. మగదాన్ని మావాళ్ళు ఇర్రి అంటారు. కంది మొలిస్తే చాలు వచ్చి మేసేవి, రైతులు తిట్టుకుంటూ ఉచ్చులు వేసేవాళ్ళు, కుక్కల్ని తోలేవాళ్ళు. మోటారుసైకిలు చప్పుడు వినబడినా, దూరాన మనిషి నడిచొస్తున్నా గెంతుకుంటూ మాయమయ్యే ఆ జంతువులు, ఎడ్లబండిని మాత్రం పట్టించుకునేవి కావు. పుట్టినప్పటినుంచీ పొలాల్లో చూస్తున్నది కదా. మా మామగారికి ఆ కిటుకు తెలుసు. బండి ఆపకూడదు, ఎవరూ దిగకూడదు, నేరుగా వాటి మీదికి తోలకుండా దూరం నుంచి చుట్టూ తిప్పుకుంటూ, చుట్టు తగ్గించుకుంటూ పోవాలి. అలా పోతే ఇర్రి నెమరు వేస్తుంటే దాని దవడ కదలడం కూడా కనబడేది.

అటవీశాఖాయన ఒకరు అలా మా బండెక్కి చూసి ముచ్చటపడి, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, చంపడం మాని చూపించి బతకమని చెప్పాడు. ఊరు ముందు పగలబడి నవ్వింది. తర్వాత గుంటూరు నుంచీ చీరాల నుంచీ జనం రావడం మొదలయ్యాక నవ్వడం మానేసింది. బండెక్కినందుకు వాళ్ళిచ్చే డబ్బుతో మంద మేసిన చేలకు ఊరే నష్టం ఇచ్చేది, పొదుపు సంఘం ఆడవాళ్ళం వచ్చినవాళ్ళకు సంగటీ గోంగూర పచ్చడీ పెట్టేవాళ్ళం, ఉచ్చులు పెట్టిన చేతులే వాటిని ఏరి పారేశాయి. మా మామగారు అసలే మీసాలాయన, పట్నంవాళ్ళు ఫొటోలు తీస్తుంటే ఎడ్ల కొమ్ములకు రంగు వేసే రోజునే తన మీసానికీ వేసుకునేవారు. మా ఆయన కూడా, ఈ సీజను బాగా జరిగితే రాళ్ళపని మానేసి వచ్చి రెండో బండి తోలతానన్నాడు.

లేళ్ళు పిల్లలు పెట్టే రెండు నెలలు బండి కట్టకూడదని మామగారు పెట్టిన నియమం. సరిగ్గా ఆ రోజుల్లో నలుగురు జీపులో వచ్చారు. చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, నన్ను అక్కా అని పిలిచారు, తమ ఫొటోలు పేపర్లో పడితే జనం తండోపతండాలుగా వస్తారన్నారు. మామగారు తల అడ్డంగా ఊపి, “పిల్లలేసుకున్న కాలం అమ్మాయ్, ఇప్పుడు బండొద్దు” అన్నారు. నేను వదల్లేదు. మీ కొడుకు ఇంటికి రావడం మీకిష్టం లేదా అని అనరాని మాట అన్నాను. ఆయన వెళ్ళి ఎడ్లను కట్టారు.

వాళ్ళ దగ్గర పొడుగాటి గుడ్డసంచి ఉంది, కెమెరా స్టాండని చెప్పారు. మా వైపు ఇంటికొచ్చినవాళ్ళ సంచి తడమడమంటే మన పరువు మనం తీసుకోవడమే. అందుకని విప్పమనలేదు సరిగదా, బరువుగా ఉన్న ఆ సంచిని నేనే ఎత్తి బండిలో గడ్డి మీద పడుకోబెట్టాను.

పొద్దెక్కుతుండగా తుపాకీ మోత రెండుసార్లు వినిపించింది. వాళ్ళలో ఒకడు జీపులో వెనకాలే పోయి గట్టు దగ్గర కాచుకుని ఉన్నాడట, ఇర్రిని మా బండి మీదే గట్టు దాకా తెచ్చి జీపులో వేసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళెవరో ఈనాటికీ తేలలేదు. మామగారు వట్టి బండితో తిరిగొచ్చారు, గడ్డికి నెత్తురంటింది. అరుగు మీద కూర్చుని నేలను చూస్తూ ఒక్క మాటన్నారు: “పారిపోలా అమ్మాయ్. నా బండేగా అని నిలబడింది.”

ఆ తర్వాత బండి చక్రం చప్పుడు వింటే చాలు మంద చెదిరిపోయేది. చూడవచ్చినవాళ్ళు చూడకుండానే పోయి, మెల్లగా రావడం మానేశారు. నష్టం ఇచ్చేవాళ్ళు లేక రైతులు మళ్ళీ ఉచ్చులు పెట్టారు. మూడు నాలుగేళ్ళకు మా చేలల్లో జింక అడుగు కూడా కనబడలేదు. మా ఆయన మార్టూరులోనే ఉండిపోయి, చివరికి ఆ దగ్గుతోనే పోయాడు.

అప్పట్లో పంచాయితీలో అడిగితే, ఆశపడి తనే బండి కట్టానని మామగారు చెప్పారు. మా ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా నీ కక్కుర్తి వల్లే నా బతుకిలా అయిందని తండ్రిని అనేవాడు. పెద్దాయన కంచం ముందు తలొంచుకుని వినేవారు. ఒక్కసారైనా నా వైపు చూస్తారేమోనని గుమ్మం వెనక్కి తప్పుకునేదాన్ని, చూసేవారు కాదు.

ఇప్పుడా చేలన్నీ జామాయిల్ తోటలు, ఊళ్ళో కాడి మోసే ఎద్దు ఒక్కటి లేదు. నమ్మి దగ్గరకు రానిచ్చే జంతువు పోయింది, ఒకరి తప్పు ఒకరు నోరెత్తకుండా మోసే మనుషులూ పోయారు. మనవడు బండి దిగి పరుగెత్తుకొచ్చి, జింక అసలు భయపడలేదని సంబరంగా చెప్పాడు. వాడి తల నిమిరాను. వద్దంటే బండి కట్టించింది నేనేనని మా ఆయన బతికుండగా చెప్పడానికి పన్నెండేళ్ళు టైముంది నాకు, చెప్పలేదు.