బొమ్మా, ప్రశ్నా?

ఆర్విడ్ నీమీ లెక్కలో ఈ లోకంలో ఉన్నవి రెండే: బొమ్మలు, ప్రశ్నలు. చూసి మూసెయ్యాల్సింది బొమ్మ. జవాబు చెప్పేదాకా మూయకూడనిది ప్రశ్న. ఈ తేడా తెలియనివాడికి సుపీరియర్ సరస్సు ఒడ్డున నిలబడే అర్హత కూడా లేదని ఆయన గట్టి నమ్మకం.

అమెరికాలోని దులూత్‌లో ఆ సరస్సును కొలిచే ల్యాబులో కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్లకి పెద్ద ఆయనే. నీళ్లలో తేలే యంత్రాలు అలల లెక్కలు పంపుతుంటే కంప్యూటరు వాటిని గ్రాఫులుగా గీస్తుంది. అది బొమ్మ. మధ్యలో ఓ డబ్బా లేచి, "ఈ కొలతలు దాచమంటారా?" అని అడిగి, "అవును", "వద్దు", "రద్దు" అనే మూడు మీటలు చూపిస్తుంది. అది ప్రశ్న. రెండింటినీ కలిపి ఎవరైనా "విండో" అన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే.

"ఆ విండో మూసెయ్యండి ఆర్విడ్" అంటే ఆయన తిన్నగా వెళ్లి గది కిటికీ మూసి వచ్చేవాడు. జనవరిలో కిటికీ ఎలాగూ మూసే ఉంటుంది కనక, ముందు బార్లా తెరిచి, తర్వాత మూసేవాడు. గదిలో అందరూ కోట్లు వెతుక్కునేవారు.

ఇంట్లోనూ అంతే. భార్య లెంపీ ఓ రాత్రి భోజనాల దగ్గర మాంసం, బంగాళాదుంపలు కలిపి వండిన గిన్నె పట్టుకుని, "ఇంకాస్త హాట్‌డిష్ వడ్డించనా?" అంది.

"బొమ్మా, ప్రశ్నా?"

"ఏంటయ్యా?"

"నిజంగా అడుగుతున్నావా, ఊరికే గిన్నె చూపిస్తున్నావా అని."

"చూపిస్తున్నాలే," అని లెంపీ గిన్నె లోపల పెట్టేసింది. ఆర్విడ్ సగం కడుపుతో లేచాడు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది కొత్తగా చేరిన టూవా హాల్వర్సన్. కొత్త గ్రాఫులు వచ్చేముందు తెర మీది పాతవాటిని తుడిచే ప్రోగ్రాము రాయాలి. అది నెగ్గితేనే ఆమె ఉద్యోగం ఖాయం. పాత ప్రోగ్రాములో ఉన్నదే, అందరూ రాసే ఒక్క లైనే ఆమె కూడా రాసింది: తెరిచున్నవన్నీ మూసెయ్.

"ఏం మూయమన్నావు?" అన్నాడు ఆర్విడ్.

"అన్నీ."

"అన్నీ అంటే?"

"విండోలు."

ఆర్విడ్ లేచి కిటికీ వైపు నడిచాడు.

రెండోసారి టూవా తెలివి చూపించింది. అడ్డంగా, నిలువుగా గీసే అక్షాలు ఉంటే గ్రాఫే, దాన్నే మూసెయ్ అని రాసింది. గ్రాఫులతో పాటు ప్రశ్న డబ్బా కూడా గంగలో కలిసింది. ఎందుకంటే ఆ డబ్బా మూలన ముద్దుగా కూర్చునే ప్రశ్నార్థకం ఉందే, దాన్ని కంప్యూటరు కంటికి కనపడని ఓ బుల్లి గ్రాఫు పరిచి, దాని మీదే గీస్తుంది.

"ప్రశ్నార్థకం పెట్టుకున్న పాపానికి ప్రశ్నని చంపేశావు కదమ్మాయ్," అన్నాడు ఆర్విడ్.

"పోతే పోయింది. ఈలోగా ఎవరైనా టక్కున నొక్కేస్తారుగా."

"అందరూ టక్కున నొక్కరు," అని ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"మరి రెండింటినీ ఎలా గుర్తుపట్టమంటారు?"

"నీ పిల్లకి పుట్టగానే పేరు పెట్టుకోవూ? నువ్వు గీసే గ్రాఫుకి గీసేటప్పుడే ఓ పేరు తగిలించు. ఆ పేరున్నవే మూయించు. పేరు లేనిది నీది కాదు, దాని జోలికి పోకు."

చాదస్తానికి మందు లేదని గొణుక్కుంటూ టూవా అలాగే రాసింది.

పరీక్షించడానికి ల్యాబు పెద్ద, ప్రొఫెసర్ విన్నిఫ్రెడ్ ఆహో స్వయంగా వచ్చి కూర్చుంది. కొలతలు దాచానో లేదో గుర్తుండటం లేదని, ఇక తప్పుకుంటానని ఆవిడ ఈమధ్య అందరితో అంటోంది. ప్రశ్న డబ్బా లేచింది. మౌస్ మీద ఆవిడ చెయ్యి వణికింది. బాణం గుర్తు "అవును" చుట్టూ తిరిగి, "వద్దు" మీదికి జారి, మళ్లీ బయల్దేరింది. ఈలోగా పాత గ్రాఫులు పోయి కొత్తవి వచ్చాయి. డబ్బా మాత్రం కదల్లేదు. చివరికి ఆవిడ "అవును" నొక్కింది.

"ఇదేంటి, ఇవాళ పారిపోలేదే," అంది ఆవిడ. "ఎప్పుడూ నేను నొక్కేలోపే మాయమయ్యేది. నొక్కేసి మర్చిపోయాననుకునేదాన్ని. మతి పోతోందని ఎంత బెంగపడ్డానో."

"పోయింది మీ మతి కాదండీ, మా పాత కోడు," అంది టూవా.

"అయితే రాజీనామా దండగ. నేనూ ఉంటాను, నువ్వూ ఉండు."

టూవా కళ్లు ఆర్విడ్‌ని వెతికాయి. ఆయన దూరంగా, పళ్లెంలో మిగిలిన చివరి లెమన్ బార్ మిఠాయిని శ్రద్ధగా రెండు ముక్కలు చేస్తున్నాడు. ఆ ముసలాయన్ని గట్టిగా కావలించుకోవాలనిపించింది ఆమెకి. కానీ అది బొమ్మా ప్రశ్నా అని అడుగుతాడని భయపడి ఊరుకుంది.

"ఆవిడ చెయ్యి సంగతి మీకు ముందే తెలుసా?"

"బొమ్మా, ప్రశ్నా?"

"ప్రశ్నే. జవాబు చెప్పేదాకా మూయకూడదని మీరేగా అన్నారు."

ఆర్విడ్ దొరికిపోయాడు. కత్తి కింద పెట్టి, గాల్లో చూపుడువేలితో ఏదో నొక్కాడు.

"ఏం నొక్కారు?"

"రద్దు. అదీ జవాబే," అని పెద్ద ముక్క ఆమె వైపు తోశాడు.