గడియ బావ

మా బావకు గడియ అని పేరు పెట్టింది నేనే. పార్లమెంటు దిగువ సభలో తలుపు దగ్గర ఆయన ఉద్యోగం. ఓటింగు అనగానే భవనమంతా గంట మోగుతుంది. సభ్యులు తింటున్నా తుమ్ముతున్నా, ఆ గంట ఆగేలోగా వచ్చి లోపల పడాలి. ఆగిన మరుక్షణం బావ తలుపు మూసి గడియ వేస్తాడు. ఇక ప్రధానమంత్రి వచ్చి నిలబడినా ఆ ఓటు తేలేదాకా బయటే. గడియ వేసేవాడు, గడియ తప్పనివాడు, రెండిటికీ ఒక్క పేరే సరిపోయింది. నేను అదే భవనంలో క్యాంటీన్ నడుపుతాను కనక ఆ పేరు అందరికీ అంటించడం తేలికైంది.

ఇంట్లోనూ ఇదే వరస. వాళ్ళ ఇంటి పక్కన బడి ఉంది. అక్కడ గంట మోగి ఆగితే చాలు, ఈయన చెయ్యి తలుపు మీదికి పోతుంది. ఒకసారి మెట్లెక్కి వస్తున్న మా పిన్ని మొహం మీదే గడియ వేసేశాడు. ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

"డబ్బు సంగతుల్లో మీ అక్కే దిగువ సభరా," అనేవాడు అన్నం తింటూ. "పన్నయినా ఖర్చయినా అక్కడే మొదలవ్వాలి, అక్కడే తేలాలి. నేను ఎగువ సభని. సలహా చెప్పొచ్చు, కొన్నాళ్ళు నాన్చొచ్చు, ఆపలేను."

"ప్రభుత్వాన్ని దింపేది ఎవరు బావా?"

"అదీ దిగువ సభే. అందుకే పెట్టింది తిని నోరు మూసుక్కూచుంటున్నా."

అక్క పకపకా నవ్వేది. నవ్వు సగంలో ఉండగానే దగ్గు తెర అందుకునేది.

అక్క నూలు మిల్లులో పనిచేసేది. పెళ్ళికి ముందు నుంచీ అదే మిల్లు, అదే దూది దుమ్ము. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని డాక్టరు తేల్చి చెప్పాడు. మిల్లు వాళ్ళు మాత్రం అది ఇంటి దగ్గే గానీ మిల్లు దగ్గు కాదన్నారు. ఆ మాట విన్న రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే కార్మికుల ఆరోగ్యం మీద ఒక బిల్లు సభకు వచ్చింది. దానికి ఒక సభ్యురాలు సవరణ పెట్టింది. నూలు దుమ్ముతో వచ్చే జబ్బును పని వల్ల వచ్చిన జబ్బుగానే లెక్కగట్టాలి, మనిషి బతికినంతకాలం మిల్లే మందులిప్పించాలి, పని మానుకోవాల్సి వస్తే సగం జీతం ఇవ్వాలి. మా అక్క కోసమే రాసినట్టుంది. బిల్లు గట్టెక్కడం ఖాయమేనట. ఈ సవరణ సంగతే అటూ ఇటూగా ఉందని నా క్యాంటీన్‌లో చెప్పుకుంటున్నారు. మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని నడిచే ఒక పెద్దాయన మాత్రం, "నా ఓటు మీ అక్కయ్యకేనయ్యా," అని నా భుజం తట్టి మరీ చెప్పాడు. ఆ మాట బావకూ చెప్పాను.

ఆ మధ్యాహ్నం గంట మోగింది. లిఫ్టులో చోటు దొరక్క పెద్దాయన మెట్ల దారి పట్టాడు. వెనకాలే నేనూ పరిగెత్తాను. పైమెట్టు ఎక్కేసరికి గంట ఆగింది. ఎదురుగా తలుపు, తలుపులో బావ.

"ఆగు బాబూ, వచ్చేశా, ఆగు!" అన్నాడు పెద్దాయన.

బావ ఆయన్ని చూశాడు, నన్నూ చూశాడు. తలుపు మూసి గడియ వేశాడు.

లోపల ఓట్లు సమానంగా వచ్చాయి. అలా వస్తే సభాపతి తన ఓటు వేయాలి. ఉన్నదాన్ని మార్చే వైపు వేయకపోవడం ఆ కుర్చీ ఆనవాయితీ. సవరణ వీగిపోయింది, మిగతా బిల్లు నెగ్గింది.

సాయంత్రం వాళ్ళింట్లో నేను నోరు పారేసుకున్నాను. "నువ్వు గడియ వేసింది తలుపుకి కాదు బావా, మా అక్క గొంతుకి!"

"ఆయన ఎటు ఓటేస్తాడో నాకు తెలుసురా," అన్నాడు బావ. "తెలుసు కాబట్టే ఆగకూడదు."

అక్క అడ్డొచ్చింది. "వాడి మాటలు పట్టించుకోకండి, వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. మీ పని మీరు చేశారు." నేను చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. క్యాంటీన్‌కు వస్తే టీ పంపించి, నేను వంటగదిలోకి పోయేవాణ్ణి.

కథ అక్కడితో అయిపోలేదు. దిగువ సభ కాదన్న సవరణను ఎగువ సభ మళ్ళీ చేర్చి తిప్పి పంపవచ్చు. ఇది డబ్బు బిల్లు కాదు కనక ఆ అధికారం దానికి పూర్తిగా ఉంది. అయితే ఎగువ సభ దాన్ని ముందు ఒక సంఘానికి అప్పగించింది. సంఘం మిల్లుల యజమానులను పిలిచింది, డాక్టర్లను పిలిచింది, కార్మికులను పిలిచింది, తీరిగ్గా అందరి మాటా విన్నది. ఈలోగా అక్కకు మిల్లు మెట్లెక్కడమే గగనమైపోయింది. ఒక రోజు సగం పనిలో కూలబడింది. మర్నాటి నుంచి మానేసింది. చట్టం వస్తే సగం జీతం వస్తుంది కదా అని మేమూ సర్దిచెప్పుకున్నాం.

చివరికి ఆ సవరణ చేరి బిల్లు దిగువ సభకు వెనక్కి వచ్చింది. ఈసారి పెద్దాయన గంట మోగకముందే లోపల కూర్చున్నాడు. భారీ మెజారిటీతో నెగ్గింది, దేశాధ్యక్షుడు సంతకం పెట్టాడు. ఆ రోజు క్యాంటీన్‌లో నేను అందరికీ టీ ఉచితంగా పోయించాను. బావతో మాటలు కలిపాను కూడా.

తర్వాతి వారం అక్కను తీసుకుని మిల్లు ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తా చట్టం తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. చట్టం అమల్లోకి వచ్చేనాటికి పనిలో ఉన్నవారికి మాత్రమే. ఆ మాట మొదటి నుంచీ అందులో ఉంది. అప్పట్లో అక్క పనిలోనే ఉండటంతో అది మా కళ్ళకు ఆనలేదు. ఆ రోజే సవరణ నెగ్గి ఉంటే, అక్క మిల్లులో ఉండగానే చట్టం వచ్చేసేది.

ఇంటికొచ్చాక అక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. బావ వైపు చూసింది.

"ఆ రోజు ఆగాల్సిందండీ," అంది.

ఆ మాట ఆమె నోట రావాలని ఇన్నాళ్ళూ ఎదురు చూసినవాణ్ణి నేనే. తీరా వచ్చాక వినలేకపోయాను.

"అవునే," అన్నాడు బావ. "కానీ రేపు మళ్ళీ అలాగే జరిగినా నేను వేసేస్తాను. అదే నన్ను తినేస్తోంది."

అక్క బదులు చెప్పబోయింది, దగ్గు చెప్పనివ్వలేదు. బావ లేచి వెళ్ళి పక్కన కూర్చుని, ఆమె వీపు నిమరడం మొదలుపెట్టాడు.